జాబిక్స్‌లో అలర్ట్‌లు సరిగ్గా పెట్టుకోవడం ఎలా

సర్వర్‌లో డిస్క్ నిండిపోయిన సంగతి మానిటరింగ్ టూల్ కన్నా ముందు కస్టమర్ ఫోన్ చేసి చెప్పాడంటే ఆ టూల్ ఉన్నా లేనట్టే. సర్వర్లని కనిపెట్టుకుని ఉండే జాబిక్స్ అనే టూల్ ఇన్‌స్టాల్ చేసి, సర్వర్లన్నీ అందులో కలిపి, డ్యాష్‌బోర్డు పచ్చగా కనిపిస్తుంటే పని అయిపోయిందనుకుంటారు చాలామంది. కానీ కొత్తగా పెట్టిన జాబిక్స్ సమస్యని పట్టుకుని ప్రాబ్లమ్స్ పేజీలో చూపిస్తుంది, అంతే. ఎవరికీ మెసేజ్ పంపదు. పంపమని మనమే చెప్పాలి. అదీ మూడు చోట్ల చెప్పాలి: ఏ దారిలో పంపాలో మీడియా టైప్స్‌లో, ఎవరికి పంపాలో యూజర్స్‌లో, ఎప్పుడు పంపాలో యాక్షన్స్‌లో. ఈ మూడింట్లో ఏ ఒక్కటి తప్పినా మెసేజ్ రాదు, రాలేదన్న సంగతి కూడా మీకు తెలీదు. అందుకే ఒక్కోటీ పెట్టగానే అక్కడికక్కడే పరీక్షించుకుంటూ వెళ్దాం.

ఇక్కడ చెప్పే మెనూలు 7.0 వెర్షన్‌వి. 2024 జూన్‌లో వచ్చిన ఎల్‌టీఎస్, అంటే ఎక్కువ కాలం అప్‌డేట్లు వచ్చే వెర్షన్ ఇది. 6.2 గానీ అంతకన్నా పాత వెర్షన్ గానీ వాడుతుంటే ఇవే పేజీలు కాన్ఫిగరేషన్, అడ్మినిస్ట్రేషన్ మెనూల కింద దొరుకుతాయి.

ముందు కాగితం మీద రాసుకోండి

కంప్యూటర్ ముట్టుకునే ముందు పది నిమిషాలు ఈ పని చేయండి. మీ సర్వర్లలో ఏం జరిగితే రాత్రి రెండింటికి నిద్ర లేపినా ఫర్వాలేదో ఒక వరుసలో రాయండి. పొద్దున ఆఫీసుకి వచ్చాక చూసుకుంటే చాలనిపించేవి ఇంకో వరుసలో రాయండి. మొదటి వరుసలో ఉన్న ప్రతిదాని పక్కనా, ఆ మెసేజ్ వచ్చినప్పుడు లేచినవాళ్లు ఏం చేయాలో ఒక్క ముక్క రాయండి. ఏం రాయాలో తోచలేదంటే అది మొదటి వరుసలో ఉండాల్సింది కాదు. సీపీయూ 95 శాతానికి వెళ్లిందని రాత్రిపూట లేపితే ఎవరైనా ఏం చేస్తారు? బ్యాకప్ జాబ్ నడుస్తోందని తెలుసుకుని మళ్లీ పడుకుంటారు. అలా నాలుగు రాత్రులు జరిగాక గ్రూపుని మ్యూట్‌లో పెడతారు, ఐదో రాత్రి డేటాబేస్ నిజంగానే పడిపోయినప్పుడు ఎవరూ చూడరు. అలర్ట్ సిస్టమ్‌లు పనికిరాకుండా పోయేది ఎక్కువగా ఇలాగే, సెట్టింగ్ తప్పు వల్ల కాదు.

ఈ రెండు వరుసలే తర్వాత రెండు యాక్షన్లు అవుతాయి. మొదటిది టెలిగ్రామ్‌కి, రెండోది ఈమెయిల్‌కి.

దారి: మీడియా టైప్స్

అలర్ట్స్ మెనూలో మీడియా టైప్స్ తెరవండి. ఈమెయిల్, స్లాక్, టీమ్స్, టెలిగ్రామ్, పేజర్‌డ్యూటీ ఇలా చాలా పేర్లు ముందే సిద్ధంగా ఉంటాయి. మీకు కావాల్సినదాని పక్కన డిసేబుల్డ్ అని ఉంటే దాని మీద నొక్కి ఎనేబుల్ చేయండి.

ఈమెయిల్ సంగతి త్వరగా తేల్చేద్దాం. జీమెయిల్ వాడేవాళ్లు లిస్టులో జీమెయిల్ అనే పేరునే తెరిచి అడ్రస్, పాస్‌వర్డ్ ఇస్తే చాలు, కాకపోతే ఆ పాస్‌వర్డ్ మీరు రోజూ లాగిన్ అయ్యేది కాదు. గూగుల్ ఖాతాలో టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి, యాప్ పాస్‌వర్డ్ అని 16 అక్షరాలది ఒకటి తయారు చేసుకుని అది ఇవ్వాలి. మామూలు పాస్‌వర్డుతో ఇలాంటి టూల్స్‌ని లాగిన్ అవ్వనివ్వడం గూగుల్ 2022లోనే ఆపేసింది. సొంత మెయిల్ సర్వర్ ఉంటే జెనరిక్ ఎస్ఎమ్‌టీపీ ఎంచుకుని పోర్ట్ 587, స్టార్ట్ టీఎల్ఎస్ పెట్టండి. సేవ్ చేశాక లిస్టులో కుడివైపు టెస్ట్ అని ఉంటుంది, నొక్కి మీకే ఒక మెయిల్ పంపుకోండి. స్పామ్ ఫోల్డర్ కూడా చూడండి.

టెలిగ్రామ్‌కి కొంచెం ఎక్కువ పని ఉంటుంది, కానీ మన దగ్గర చిన్న టీములకి ఇదే బాగా పనికొస్తుంది. ఎస్ఎమ్ఎస్ పెట్టుకుందామా అని చాలామంది అడుగుతారు. ఇండియాలో ఎస్ఎమ్ఎస్ గేట్‌వే ద్వారా పంపాలంటే డీఎల్‌టీ అనే టెలికాం రిజిస్ట్రేషన్ వ్యవస్థలో కంపెనీని, పంపేవారి పేరుని, మెసేజ్ టెంప్లేట్‌ని రిజిస్టర్ చేయాలి. ప్రతి అలర్ట్‌లోనూ మాటలు మారిపోతుంటాయి కాబట్టి వాటిని టెంప్లేట్‌లో ఇరికించడం పెద్ద తలనొప్పి. పెద్ద కంపెనీలు చేస్తాయి, ఐదుగురున్న టీముకి అనవసరం.

టెలిగ్రామ్‌లో బాట్‌ఫాదర్ అనే అధికారిక బాట్‌ని వెతికి, న్యూబాట్ కమాండ్ ఇవ్వండి. పేరు, యూజర్‌నేమ్ అడుగుతుంది, చెప్పగానే పొడుగాటి టోకెన్ ఇస్తుంది. ఆ టోకెన్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లు మీ బాట్ పేరుతో మెసేజ్‌లు పంపగలరు, అందుకని దాన్ని గ్రూపుల్లో పేస్ట్ చేయకండి. జాబిక్స్‌లో టెలిగ్రామ్ మీడియా టైప్ తెరిచి, పారామీటర్లలో టోకెన్ కోసం ఉన్న గడిలో దీన్ని పెట్టండి. పార్స్ మోడ్ కోసం ఇంకో గడి ఉంటుంది, దాన్ని ఖాళీగానే వదిలేయండి. అందులో మార్క్‌డౌన్ అని పెడితే మెసేజ్ అందంగా వస్తుంది నిజమే, కానీ హోస్ట్ (జాబిక్స్‌లో కలిపిన సర్వర్) పేరులోనో డిస్క్ పేరులోనో ఒక అండర్‌స్కోర్ ఉంటే టెలిగ్రామ్ దాన్ని ఫార్మాటింగ్ గుర్తు అనుకుని మెసేజ్ మొత్తాన్ని తిరస్కరించే ప్రమాదం ఉంది. టెస్ట్‌లో బాగా పనిచేసి అసలు అవసరానికి రాకుండా పోయే రకం సమస్య ఇది.

ఇప్పుడు చాట్ ఐడీ కావాలి. టీమ్ అందరికీ ఒక గ్రూపు పెట్టి, మీ బాట్‌ని అందులో చేర్చండి. ఐడీ తెలుసుకోవడానికి ఐడీబాట్ అనే ఇంకో బాట్ ఉంది, దాన్ని కాసేపు గ్రూపులో చేర్చి గెట్‌గ్రూప్‌ఐడీ అని అడిగి, నంబర్ రాగానే తీసేయండి. గ్రూప్ ఐడీ మైనస్ గుర్తుతో మొదలవుతుంది, కాపీ చేసేటప్పుడు ఆ మైనస్ జారిపోకుండా చూసుకోండి. గ్రూపు కాకుండా ఒక మనిషికే నేరుగా పంపాలంటే, ఆ మనిషి ముందుగా బాట్‌ని తెరిచి స్టార్ట్ నొక్కాలి. బాట్ తనంతట తాను ఎవరితోనూ మాట మొదలుపెట్టలేదు, అది టెలిగ్రామ్ నియమం. ఇంకో సంగతి గుర్తుంచుకోండి: మామూలు గ్రూపు కొన్ని సెట్టింగులు మార్చినప్పుడు సూపర్‌గ్రూపుగా మారిపోతుంది, అప్పుడు ఐడీ కూడా మారి -100తో మొదలవుతుంది. నెలల తరబడి బాగా వస్తున్న మెసేజ్‌లు హఠాత్తుగా ఆగిపోయాయంటే మొదట చూడాల్సింది ఇదే.

మనుషులు: యూజర్స్

యూజర్స్ మెనూలో మనిషిని తెరిచి, మీడియా ట్యాబ్‌లో యాడ్ నొక్కండి. టైప్ టెలిగ్రామ్ అని ఎంచుకుని, సెండ్ టూ గడిలో చాట్ ఐడీ పెట్టండి. కింద వెన్ యాక్టివ్ అని ఒక గడి, ఏ సివియారిటీలకి (సమస్య తీవ్రతలకి) పంపాలో టిక్కులు ఉంటాయి.

వెన్ యాక్టివ్‌లో మామూలుగా 1-7,00:00-24:00 అని ఉంటుంది, అంటే సోమవారం నుంచి ఆదివారం దాకా రోజంతా. హైదరాబాద్‌లోనో విశాఖలోనో కూర్చుని అమెరికా క్లయింట్‌కి నైట్ షిఫ్ట్ చేసేవాళ్లు ఇక్కడ ఇరుక్కుపోతారు. సాయంత్రం 6:30 నుంచి తెల్లవారి 3:30 దాకా అని 18:30-03:30 కొడితే జాబిక్స్ ఒప్పుకోదు, ఎందుకంటే ఒక పీరియడ్ అర్ధరాత్రి దాటకూడదు. దాన్ని రెండు ముక్కలు చేసి మధ్యలో సెమీకోలన్ పెట్టాలి: 1-5,18:30-24:00;2-6,00:00-03:30. రెండో ముక్కలో 2-6 ఎందుకంటే శుక్రవారం రాత్రి షిఫ్ట్ శనివారం తెల్లవారి కదా అయ్యేది. అక్కడ 1-5 అనే కొడితే ఆ శనివారం మూడున్నర గంటలు ఎవరికీ ఏమీ రాదు.

పైగా అమెరికాలో మార్చిలో, నవంబర్‌లో గడియారాలు మారుస్తారు. న్యూయార్క్ ఉదయం 9 గంటలు మనకి ఎండాకాలంలో సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. ఏడాదికి రెండుసార్లు గుర్తుపెట్టుకుని మార్చే కన్నా ఆ యూజర్ ప్రొఫైల్‌లో టైమ్ జోన్‌ని న్యూయార్క్ అని పెట్టేసి, వెన్ యాక్టివ్‌లో 1-5,09:00-18:00 అని రాసేయండి. ఈ గడి యూజర్ టైమ్ జోన్ ప్రకారమే లెక్క వేస్తుంది, రెండు ముక్కలు చేసే గొడవ కూడా పోతుంది.

ఇప్పుడు అందరూ తలబాదుకునే చోటుకి వద్దాం. అడ్మిన్ ఖాతాతో పరీక్షిస్తే అలర్ట్ వస్తుంది, అదే సెట్టింగులతో ఇంకొకరి ఖాతాకి రాదు. కారణం పర్మిషన్. ఆ హోస్ట్‌ని చూసే హక్కు లేని యూజర్‌కి దాని గురించి జాబిక్స్ ఏ మెసేజూ పంపదు, తప్పు జరిగిందని చెప్పదు కూడా. అడ్మిన్ సూపర్ అడ్మిన్ కాబట్టి అన్నీ చూడగలడు, అందుకే అతనికి వస్తుంది. యూజర్ గ్రూప్స్‌లోకి వెళ్లి, ఆ మనిషి ఉన్న గ్రూపుకి హోస్ట్ పర్మిషన్స్ ట్యాబ్‌లో మీ సర్వర్లున్న హోస్ట్ గ్రూపుకి కనీసం రీడ్ ఇవ్వండి. కొత్త హోస్ట్ గ్రూపు సృష్టించిన ప్రతిసారీ ఇది గుర్తు చేసుకోండి.

ఎప్పుడు: యాక్షన్

అలర్ట్స్, యాక్షన్స్, ట్రిగ్గర్ యాక్షన్స్ తెరవండి. ట్రిగ్గర్ అంటే ఏ విలువ ఏ హద్దు దాటితే సమస్య అనుకోవాలో చెప్పే షరతు. అడ్మినిస్ట్రేటర్లకి ప్రాబ్లమ్ రిపోర్ట్ చేయమని ఒక యాక్షన్ ముందే ఉంటుంది, కానీ ఆఫ్‌లో ఉంటుంది. దాన్ని అలాగే వదిలేసి మీది మీరు కొత్తగా పెట్టుకోండి.

కండిషన్లలో హోస్ట్ గ్రూపు ఏదో చెప్పి, ట్రిగ్గర్ సివియారిటీ ఇంతకి సమానం లేదా ఎక్కువ అని పెట్టండి. జాబిక్స్‌లో సివియారిటీలు ఆరు: నాట్ క్లాసిఫైడ్, ఇన్ఫర్మేషన్, వార్నింగ్, యావరేజ్, హై, డిజాస్టర్. చూడగానే హై అని పెట్టేయాలనిపిస్తుంది. పెట్టేముందు ఆగండి. లినక్స్ సర్వర్లకి అందరూ వాడే లినక్స్ బై జాబిక్స్ ఏజెంట్ అనే టెంప్లేట్‌లో (సిద్ధంగా వచ్చే ట్రిగ్గర్ల కట్ట; ఏజెంట్ అంటే సర్వర్‌లో ఉండి వివరాలు పంపే చిన్న ప్రోగ్రామ్) డిస్క్ దాదాపు నిండిపోవడం, మెమరీ అయిపోవడం, ఏజెంట్ జవాబివ్వకపోవడం, ఇవన్నీ యావరేజ్ కిందే ఉంటాయి. సీపీయూ వాడకం వార్నింగ్. హై అని కండిషన్ పెడితే డిస్క్ నిండినా మీకు తెలీదు. అందుకని మొదటి యాక్షన్‌కి యావరేజ్ నుంచి పైకి అని పెట్టండి. రెండో యాక్షన్‌కి, అంటే ఈమెయిల్‌కి, వార్నింగ్‌కి సమానం అని పెట్టండి.

ఆపరేషన్స్ ట్యాబ్‌లో స్టెప్ డ్యూరేషన్ మామూలుగా 1 గంట ఉంటుంది, దాన్ని 10 నిమిషాలు చేయండి. తర్వాత ఆపరేషన్లు ఇలా కలపండి. స్టెప్ 1 నుంచి 1: డ్యూటీలో ఉన్నవాళ్లకి టెలిగ్రామ్. స్టెప్ 2 నుంచి 3: మళ్లీ వాళ్లకే, కానీ ఎవరూ అక్నాలెడ్జ్ చేయకపోతేనే, అంటే చూశామని గుర్తు పెట్టకపోతేనే. స్టెప్ 4 నుంచి 4: టీమ్ లీడ్‌కి, అదే షరతుతో. మొదటి స్టెప్ వెంటనే వెళ్తుంది, ఒక్కో స్టెప్‌కి పది నిమిషాలు కాబట్టి లీడ్‌కి మెసేజ్ చేరేసరికి అరగంట అవుతుంది. ఆలోగా డ్యూటీలో ఉన్న మనిషి ప్రాబ్లమ్స్ పేజీలో అక్నాలెడ్జ్ నొక్కి, చూస్తున్నాను అని రెండు ముక్కలు రాస్తే లీడ్‌ని ఎవరూ లేపరు. ఈ షరతు ఆపరేషన్ లోపల కండిషన్స్‌లో ఉంటుంది, ఈవెంట్ అక్నాలెడ్జ్‌డ్ నో అని.

రికవరీ ఆపరేషన్స్‌లో నోటిఫై ఆల్ ఇన్వాల్వ్‌డ్ తప్పకుండా కలపండి. సమస్య దానంతట అదే తగ్గిపోయినప్పుడు ఆ కబురు రాకపోతే, లేచిన మనిషి ల్యాప్‌టాప్ తెరిచి వీపీఎన్ కలిపి వెతుక్కుంటూ ఉంటాడు పాపం.

నో మెసేజ్ డిఫైన్డ్ అని ఎర్రర్ వస్తే, ఆ మీడియా టైప్‌లో మెసేజ్ టెంప్లేట్స్ ట్యాబ్ ఖాళీగా ఉందన్నమాట. సిద్ధంగా వచ్చేవాటిలో ఉంటాయి, మీరు సొంతంగా తయారు చేసినవాటికి మీరే కలపాలి. టెంప్లేట్‌లో మొదటి లైన్‌లోనే హోస్ట్ పేరు, సమస్య పేరు, ప్రస్తుత విలువ వచ్చేలా మార్చుకోండి. ఫోన్ లాక్ స్క్రీన్ మీద కనిపించేది ఆ ఒక్క లైనే.

హద్దులు ఎక్కడ పెట్టాలి

అసలు శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడ. టెంప్లేట్‌తో వచ్చే హద్దు డిస్క్‌కి 80 శాతం దగ్గర వార్నింగ్, 90 దగ్గర క్రిటికల్. 20 జీబీ డిస్క్‌లో 90 శాతం అంటే ఇంకా 2 జీబీ మిగిలింది, లాగ్ ఫైల్ ఒకటి పెరిగితే గంటలో అయిపోతుంది. అదే 2 టీబీ డిస్క్‌లో అయితే 200 జీబీ ఖాళీగా ఉంది, నెలలు గడిచిపోతాయి. ఈ రెండింటికీ ఒకే హద్దు ఎలా కుదురుతుంది? హోస్ట్ తెరిచి మాక్రోస్ (హద్దుల్లాంటి విలువలు దాచే పేర్లు) ట్యాబ్‌లో ఇన్హెరిటెడ్ అండ్ హోస్ట్ మాక్రోస్ నొక్కితే టెంప్లేట్ విలువలు కనిపిస్తాయి, పక్కన చేంజ్ నొక్కి ఆ ఒక్క సర్వర్‌కి మార్చుకోండి. టెంప్లేట్‌నే మార్చకండి, రేపు అప్‌డేట్ చేసినప్పుడు మీ మార్పులు పోతాయి.

శాతాల కన్నా మంచిది టైమ్‌లెఫ్ట్ అనే ఫంక్షన్. డిస్క్ ఖాళీ ఏ వేగంతో తగ్గుతోందో చూసి, సున్నాకి ఎంతసేపట్లో చేరుతుందో సెకన్లలో చెబుతుంది. గత ఆరు గంటల డేటాని బట్టి చూస్తే 12 గంటల్లోపు నిండిపోయేలా ఉందంటే లేపు అని ట్రిగ్గర్ రాసుకుంటే, పెద్ద డిస్క్‌కీ చిన్న డిస్క్‌కీ ఒకటే సరిపోతుంది. రాత్రి పది గంటలకి ఆ మెసేజ్ వస్తే పడుకునే ముందే పాత లాగ్‌లు తుడిచేయొచ్చు.

సొంతంగా ట్రిగ్గర్ రాసేటప్పుడు లాస్ట్ ఫంక్షన్ వాడితే ఒక్క రీడింగ్ హద్దు దాటినా మోగుతుంది. అదే ఐదు నిమిషాల మిన్ (అన్నిటికన్నా తక్కువ రీడింగ్) 90 దాటాలి అని రాస్తే, ఆ ఐదు నిమిషాల్లో వచ్చిన ప్రతి రీడింగూ 90 పైనే ఉండాలి, అంటే సమస్య నిలకడగా ఉన్నట్టు. విలువ 89, 91 మధ్య ఊగుతూ ప్రాబ్లమ్, రిజాల్వ్‌డ్, ప్రాబ్లమ్ అని గ్రూపంతా నిండిపోతుంటే, ట్రిగ్గర్‌లో ఓకే ఈవెంట్ జెనరేషన్‌ని రికవరీ ఎక్స్‌ప్రెషన్‌కి మార్చి, 80 కిందకి దిగితేనే తగ్గినట్టు అని రాయండి.

స్విచ్ ఒకటి పోతే దాని వెనకున్న సర్వర్లన్నిటికీ అలర్ట్‌లు వచ్చి పడతాయి. ఆ సర్వర్ల ట్రిగ్గర్లలో డిపెండెన్సీస్ ట్యాబ్‌లో స్విచ్ ట్రిగ్గర్‌ని కలిపితే ఒక్క మెసేజే వస్తుంది, కాకపోతే స్విచ్ ట్రిగ్గర్ ముందు మోగాలి, కాబట్టి స్విచ్‌ని సర్వర్ల కన్నా తరచుగా పింగ్ చేయించండి. ప్లాన్ చేసిన పనులకి డేటా కలెక్షన్ మెనూలో మెయింటెనెన్స్ పెట్టుకోండి. అందులో యాక్టివ్ సిన్స్, యాక్టివ్ టిల్ తేదీలు ఇస్తే సరిపోదు, కింద పీరియడ్ కూడా విడిగా కలపాలి.

కావాలని పాడుచేసి చూడండి

టెస్ట్ బటన్ దారిని మాత్రమే పరీక్షిస్తుంది. ట్రిగ్గర్ నుంచి ఫోన్ దాకా మొత్తం పనిచేస్తోందా అన్నది తెలియాలంటే, అంత ముఖ్యం కాని ఒక సర్వర్‌లో ఏజెంట్ సర్వీసుని ఆపేయండి. మూడు నిమిషాలు దాటాక ఏజెంట్ అందుబాటులో లేదని ప్రాబ్లమ్ రావాలి, వెంటనే టెలిగ్రామ్ మోగాలి. అక్నాలెడ్జ్ చేయకుండా అరగంట ఆగి లీడ్‌కి వెళ్లిందో లేదో చూడండి, ముందే ఆయనకి చెప్పి పెట్టండి. తర్వాత ఏజెంట్‌ని మళ్లీ నడిపి, తగ్గిందన్న మెసేజ్ కూడా వచ్చేదాకా ఆగండి. ఏదైనా రాకపోతే రిపోర్ట్స్‌లో యాక్షన్ లాగ్ తెరవండి. అక్కడ ఫెయిల్డ్ అని ఉంటే పక్కనున్న గుర్తు మీద మౌస్ పెడితే కారణం కనిపిస్తుంది, అది దారి సమస్య. అసలు వరుసే లేకపోతే యాక్షన్ కండిషనో పర్మిషనో తప్పింది.

రెండు వారాలు నడిచాక అదే మెనూలో టాప్ 100 ట్రిగ్గర్స్ చూడండి. పైన ఉన్న నాలుగైదింటితోనే చాలావరకు గోల ఉంటుంది, వాటి హద్దులు సరిచేస్తే మిగతాది తేలికవుతుంది.

ఇక మిగిలింది జాబిక్స్ సర్వరే పడిపోతే? లేదా ఆఫీసు ఇంటర్నెట్ పోయి, అది పంపిన మెసేజ్ బయటికే వెళ్లకపోతే? దీనికి బయట వేరే చోట ఒక కాపలా ఉండాలి. జాబిక్స్ సర్వర్‌లో క్రాన్ జాబ్ (చెప్పిన సమయాలకి దానంతట అదే నడిచే పని) ఒకటి పెట్టి, జాబిక్స్ సర్వర్ వాడే పోర్ట్ 10051 జవాబిస్తోందో లేదో చూసి, ఇస్తేనే ప్రతి ఐదు నిమిషాలకీ బయటి హార్ట్‌బీట్ సర్వీసుకి ఒక రిక్వెస్ట్ పంపేలా చేయండి. రిక్వెస్ట్ రావడం ఆగిపోతే ఆ సర్వీసే మీకు కబురు పెడుతుంది. వేరే క్లౌడ్‌లో చిన్న మెషీన్ ఉంటే అక్కడ అప్‌టైమ్ కూమా అనే ఉచిత మానిటరింగ్ టూల్ పెట్టి, పుష్ రకం మానిటర్‌తో ఇదే పని ఖర్చు లేకుండా చేసుకోవచ్చు. కబురు మాత్రం జాబిక్స్ వాడే బాట్‌కి కాకుండా వేరే దారిలో వచ్చేలా పెట్టండి, పెట్టాక జాబిక్స్ సర్వర్ సర్వీసుని పది నిమిషాలు ఆపి అది వచ్చేదాకా ఆగి చూడండి.